ఆకుపచ్చ తెర వెనుక నేనే ఉన్నాను

నాకు జరిగిన అన్యాయాలను ముందుగా తిథివారాలతో నమోదు చేస్తున్నాను. నా మనుమరాలు టెన్నిస్ ఛాంపియన్. ఆమె తల్లి అయి, మళ్ళీ రాకెట్ పట్టిన తరువాత జరిగినవి మాత్రమే ఇక్కడ రాస్తున్నాను. అంతకు ముందువి కూడా రాస్తే ఈ పుటలు చాలవు.

ఆషాఢం, బోనాల ముందటి గురువారం, సాయంత్రం. మనుమరాలు విదేశంలో సెమీఫైనల్ ఆడుతోంది. మూడో సెట్ మొదలవుతుండగా నా ఇంటి హాలులోంచి నన్నే బయటికి పంపారు. వాన పడుతోంది. గొడుగు ఇచ్చారు. ఆ గొడుగును ఇప్పటికీ ఉపకారంగా చెప్పుకుంటున్నారు.

ఆశ్వయుజం, దసరా మరునాడు. నేను మేడమీద గదిలో, టీవీకి దూరంగా, నా పాత కాగితాలు సర్దుకుంటున్నాను. "మేడమీదున్నా ఇంట్ల ఉన్నట్టే" అని తీర్మానించి కిందికి దింపి, వీధిలోకి నడిపించారు.

కార్తీకం, రెండో సోమవారం. పంటి వైద్యుడి దగ్గర నా పని పూర్తయింది. లేవబోతుంటే కొడుకు ఫోన్ చేశాడు. "బాపు, లేవకు, నీకు దండం పెడత! గాడనే కూసో, మస్తు ఆడుతున్నది!" తరువాతి రోగి వచ్చి నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. నేను కుర్చీ ఖాళీ చేయలేదు.

మాఘం, పౌర్ణమి నాడు. ఓడిపోయింది. ఆట జరిగినంతసేపూ నేను ఇంటికి చాలా దూరంలో ఉన్నాను. అయినా ఇంటికి రాగానే కోడలు అడిగిన మొదటి మాట: "మామయ్యా, నిజం చెప్పుండ్రి, ఫోన్ల స్కోర్ చూసిన్రా?" చూశాను. నేరం రుజువైపోయింది.

ఫాల్గుణం, హోళీ ముందటి ఆదివారం. మన నగరంలో, ఫైనల్ రోజున, నా టికెట్టును నా చేతిలోంచి తీసుకుని మరొకరికి ఇచ్చారు. ఈ వ్యాసం ముఖ్యంగా ఈ చివరి అన్యాయం గురించే.

క్లుప్తంగా విషయం ఇది. నేను చూస్తే నా మనుమరాలు ఓడిపోతుందని మా ఇంట్లో ఒక నమ్మకం. ఆమెకు ఆట నేర్పిన చోటికి వేలు పట్టుకుని తీసుకెళ్ళిన మనిషిని నేను. ఆమె ఒక ఫైనల్ గెలవడాన్ని నా రెండు కళ్ళతో చూసే హక్కు నాకు లేకుండా పోయింది. ఈ సీజనే ఆఖరు కావచ్చని ఆమె తనే ఇంట్లో అన్నది. అందుకే ఇప్పుడు తొందరపడి రాస్తున్నాను.

నేను కంచన్‌బాగ్‌లో ఒక లోహ కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాను. కొలిమి దగ్గర ప్రతి షిఫ్టులోనూ రీడింగులు రాయడం నా ఉద్యోగం. రాయని రీడింగు తీయని రీడింగుతో సమానం అని మాకు నేర్పారు. ఆ అలవాటు నన్ను వదలలేదు. ఇంట్లో పాలవాడు రాని రోజు నుంచి మనుమరాలికి తొలి పన్ను ఊడిన రోజు వరకు అన్నీ నా దగ్గర రాసి ఉన్నాయి.

కర్మాగారం ఆవరణలో ఉద్యోగుల కోసం ఒక సిమెంటు టెన్నిస్ కోర్టు ఉండేది. పెద్ద అధికారులు ఉదయం ఆడి వెళ్ళిపోయేవారు. సాయంత్రం అది ఖాళీ. దాని పక్కనే నీళ్ళ ట్యాంకు. ఒకటో తరగతి చదివే మనుమరాలిని స్కూటరు ముందు నిలబెట్టుకుని ఛత్రినాకలోని మా ఇంటి నుంచి అక్కడికి తీసుకెళ్ళేవాడిని. కోర్టు మీద ఆడనిచ్చేవారు కాదు కాబట్టి ట్యాంకు గోడ మీద, నెట్ ఎంత ఎత్తు ఉంటుందో కొలిచి, సున్నంతో ఒక గీత గీశాను. "గీత మీదికెళ్ళి కొట్టాలె బిడ్డా, కిందికెళ్ళి పోతే లెక్కకు రాదు" అన్నాను. అధికారుల్లో ఒకాయన విరిగిన రాకెట్టును పారేయబోతుంటే అడిగి తెచ్చి, పిడి కోసి, తీగలు కొత్తగా బిగించి ఇచ్చాను.

ఆ గోడ ఆమెకు మొదటి ప్రత్యర్థి. ఎంత గట్టిగా కొడితే అంత గట్టిగా తిరిగి పంపేది. చీకటి పడబోతుంటే నేను "ఇగ చాలు" అనేవాడిని. ఆమె గోడ దగ్గరికి పోయి, అరచేత్తో దాన్ని రెండుసార్లు తట్టి, "రేపొస్త" అని చెప్పి స్కూటరెక్కేది. మనిషికి చెప్పినట్టే చెప్పేది. ఈ సంగతి పాఠకులు గుర్తుపెట్టుకోవాలని మనవి. ఇది నా సాక్ష్యంలో మళ్ళీ వస్తుంది.

ఆ గోడ నుంచి కోర్టు మీదికి, కోర్టు మీది నుంచి జిల్లా పోటీలకు, అక్కడి నుంచి జాతీయ స్థాయికి ఆమె ఎదిగింది. నా కొడుకు బస్ డిపోలో మెకానిక్. డ్యూటీలు మార్చుకుంటూ ఆమెను ప్రాక్టీసుకు తిప్పాడు. కోడలు రైళ్ళలో, చిన్నచిన్న లాడ్జీలలో రైస్ కుక్కర్ పెట్టుకుని కూతురికి పప్పన్నం వండింది. ఊరు కాని ఊళ్ళలో, భాష తెలియని చోట, చెయ్యి చూపించి పెరుగు కొనుక్కొచ్చిన మనిషి ఆమె. ఆమె కష్టాన్ని నేను ఏనాడూ తక్కువ చేసి మాట్లాడలేదు. నా వివాదం ఆమె కష్టంతో కాదు, ఆమె నమ్మకంతో.

ఆ నమ్మకం పుట్టిన రోజు నాకు బాగా గుర్తుంది. మనుమరాలు స్కూల్లో పెద్ద తరగతులకు వచ్చింది. రాష్ట్ర స్థాయి జూనియర్ ఫైనల్. నేను, కోడలు సిమెంటు మెట్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. మొదటి సెట్ పోయింది. రెండో దాంట్లో ఒకటి, నాలుగు. నాకు గొంతు ఎండిపోయి, అందరికీ చెరుకురసం తెద్దామని బయటికి వెళ్ళాను. రెండు చేతుల్లో గ్లాసులతో తిరిగి వచ్చేసరికి స్కోరు నాలుగు, నాలుగు. మెట్ల పైనుంచి కోడలు చెయ్యి అడ్డంగా ఊపుతూ అరిచింది:

"రాకుండ్రి మామయ్యా! ముందుకు రాకుండ్రి! గాడనే నిలవడుండ్రి!"

"గ్లాసులు కారుతున్నయ్ బిడ్డా!"

"కారనీయుండ్రి! అటు తిరుగుండ్రి, ఇటు చూడకుండ్రి!"

నేను చెరుకు బండి వైపు తిరిగి నిలబడ్డాను. ఐసు కరిగి మోచేతుల దాకా కారింది. వెనుక నుంచి చప్పట్లు, ఈలలు. మనుమరాలు ఆ సెట్టూ గెలిచింది, ఆ తరువాతి సెట్టూ గెలిచింది. ఆ రోజు అందరం నవ్వుకున్నాం. కోడలు మాత్రం నవ్వలేదు. ఆమె మనసులో తీర్పు రాసేసుకుంది.

ఆ తరువాత మా ఇంట్లో మ్యాచ్ అంటే ఒక పద్ధతి ఏర్పడింది. కోడలు ఫ్రిజ్ పక్కన పీట మీద. కొడుకు సోఫా చివర, ఎడమ కాలు మడిచి. తిమ్మిరెక్కినా కాలు తీయకూడదు. ఆట బాగుంటే ఎవరు ఎక్కడుంటే అక్కడే. ఒకసారి గ్యాస్ సిలిండర్ ఇచ్చే మనిషి లోపలికి అడుగుపెట్టగానే మనుమరాలు వరుసగా గేములు గెలవసాగింది. అతన్ని కదలనివ్వలేదు. ఖాళీ సిలిండర్ మీదే కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు.

"అక్కా, ఇంకా బండి నిండ సిలిండర్లున్నయ్" అన్నాడు అతను మెల్లగా.

"ఒక్క సెట్టు అన్నా! నీ కాళ్ళు మొక్కుత!"

"ఓడిపోతే నన్ను తిట్టరు గదా?"

"లేస్తే తిడతం" అన్నాడు నా కొడుకు, మడిచిన కాలు తీయకుండానే.

ఆమె గెలిచింది. సిలిండర్ మనిషికి లడ్డూ పెట్టారు. నాకు మాత్రం అలాంటి గౌరవం ఏనాడూ దక్కలేదు. అతను లోపల ఉంటే గెలుపు, నేను బయట ఉంటే గెలుపు. ఇద్దరికీ ఇంత తేడా ఎందుకని అడిగితే, "గది గంతే మామయ్యా" అంది కోడలు. దీన్ని జవాబు అంటారా?

మొదట్లో నన్ను వీధి చివరి దాకే పంపేవారు. అక్కడ మొబైల్ దుకాణంలో టీవీ ఉందని తెలిసి, మరింత దూరంగా, హుస్సేనీ ఆలంలోని ఒక చాయ్ హోటల్‌కు పంపడం మొదలుపెట్టారు. ఆ హోటల్ యజమాని నాకంటే చిన్నవాడు, భాయ్ అని పిలుస్తాను. మొదటి రోజు నా గోడు విని చాలా బాధపడ్డాడు. రెండో రోజు ఫోన్‌లో స్కోరు చూస్తూ కూర్చున్నాడు. మూడో రోజు నుంచి అతనూ మా కోడలి పక్షం చేరిపోయాడు. నేను కాస్త కాళ్ళు చాపుకుందామని లేస్తే చాలు, గల్లా వదిలి పరుగెత్తుకొచ్చేవాడు.

"ఉఠ్నా నక్కో సాబ్! కూసోండ్రి! మీరు లేసిన్రంటే గేమ్ పాయె!"

"భాయ్, నువ్వు కూడానా?"

"నాకేం ఫికర్ సాబ్, చాయ్ నా తరఫు. బిస్కెట్ భీ నా తరఫు. లేకిన్ గీ కుర్సీ ఇడిసిపెట్టొద్దు."

ఆ విధంగా ఇంట్లో వాళ్ళు నన్ను రానివ్వరు, హోటల్లో అతను నన్ను పోనివ్వడు. నా మనుమరాలు ప్రపంచమంతా తిరిగి ఆడుతుంటే, నేను గోడకు ముఖం పెట్టి, ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచుకుంటూ ఉండేవాడిని.

ఆమె పెళ్ళి అయింది. భర్త కోస్తా వైపు అబ్బాయి, కంచన్‌బాగ్‌లోనే ఒక పరిశోధనాలయంలో ఉద్యోగం. విజ్ఞానం చదువుకున్నవాడు కదా, నాకు తోడు దొరికిందని సంతోషించాను. నా రికార్డులు తీసి అతని ముందు పెట్టాను. నేను చూసిన మ్యాచ్‌లలో ఆమె గెలిచినవి, నేను చూడని వాటిలో ఓడినవి, అన్నీ చూపించాను. అతను శ్రద్ధగా చదివాడు. చివరికి, "తాతగారూ, మీ లెక్క సరైనదే. కానీ రిస్క్ ఎందుకు? మేమూ టెస్టుకు ముందు టెంకాయ కొడతాం కదా" అన్నాడు. ఆ రోజు నుంచి అతన్నీ అటువైపు వాళ్ళలోనే రాసుకున్నాను.

పాప పుట్టినప్పుడు మనుమరాలు ఆట వదిలేస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె వదలలేదు. నెలల పాపను నా ఒళ్ళో పెట్టి, మా మేడమీద తాడాట మొదలుపెట్టింది. మొదటి రోజు కాసేపటికే కూలబడిపోయింది. "తాతా, కాళ్ళు నావి కానట్టున్నయ్" అంది. మరునాడు మళ్ళీ ఎక్కింది. పాపకు పాలిచ్చి ప్రాక్టీసుకు పోవడం, వచ్చి పాలివ్వడం, పాప నిద్రపోతే జిమ్ముకు పోవడం. తల్లీ, భర్తా, తండ్రీ, అందరూ వంతులు వేసుకుని పాపను చూశారు. నా వంతు అందరికంటే పెద్దది, ఎందుకంటే మ్యాచ్ ఉన్నప్పుడల్లా నేను ఎలాగూ బయటే కదా.

తిరిగి వచ్చాక గెలిచినవాటి కంటే ఓడినవే ఎక్కువ. ఒకప్పుడు తన పేరు చూసి భయపడిన వాళ్ళే ఇప్పుడు వచ్చి జాలిగా భుజం తట్టి వెళ్ళేవారట. ఒక రోజు అన్నం కలుపుతూ అన్నది: "తాతా, ఈ సీజన్ చూస్త. గాడిన పడితే సరే. లేకుంటే ఇగ బస్." ఆ ముద్ద తినకుండానే చెయ్యి కడుక్కుంది. ఆ తరువాతే మన నగరంలో అంతర్జాతీయ పోటీ వచ్చింది. ఆమె ఆడింది. రెండో రౌండ్, క్వార్టర్స్, సెమీస్. నేను హుస్సేనీ ఆలంలో, గోడకు ముఖం పెట్టి. ఆదివారం ఫైనల్.

ఈసారి నేను ఎవరికీ చెప్పకుండా ముందే కౌంటర్‌కు వెళ్ళి, నా సొంతానికి టికెట్ కొనుక్కున్నాను. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, తలకు టోపీ, కళ్ళజోడుకు కొత్త తాడు. గేటు దగ్గర అందరం కలిశాం. చాయ్ హోటల్ భాయ్ కూడా షేర్వానీ వేసుకుని వచ్చాడు, అతనికి టికెట్ దొరకలేదట. నేను లోపలికి అడుగు వేయబోతుండగా కోడలు పాపను తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"మామయ్యా, ఇది లోపల ఏడ్చిందంటే దాని అమ్మ ధ్యాసంత ఇటే ఉంటది. మీరు జర గా వేపచెట్టు కింద..."

"నా దగ్గర టికెట్ ఉంది!"

"ఏదీ, చూపియ్యుండ్రి."

చూపించాను. నాలాంటి జాగ్రత్త మనిషి అలా చూపించకూడదు. ఆమె దాన్ని సుతారంగా తీసుకుని భాయ్ చేతిలో పెట్టింది. "భాయ్, వేస్ట్ ఎందుకు, మీరు పోండ్రి."

భాయ్ నా వైపు చూశాడు. "మాఫ్ కర్నా సాబ్. భాభీ బోలీ, నేనేం జేస్త?" అని, నా కుర్చీ వైపు, నా కళ్ళ ముందే, షేర్వానీ సర్దుకుంటూ వెళ్ళిపోయాడు. నా కొడుకు వెనక్కి తిరిగి, "బాపు, ఒక్కరోజు! నీ దయ!" అని అరిచి మాయమయ్యాడు.

నేను వేపచెట్టు కింద నిలబడ్డాను. చేతిలో పాప. పాపకు అప్పటికి నడక వచ్చింది, మాటలు రెండే వచ్చు. ఒకటి అమ్మ, రెండోది టక్. టక్ అంటే బంతి.

లోపల ఆట మొదలైంది. లోపలికి పోనివ్వని మనిషికి చెవులు పదునెక్కుతాయి. ఆమె దెబ్బ గట్టిగా, పొట్టిగా ఉంటుంది. అవతలి అమ్మాయి దెబ్బ కొంచెం లాగినట్టు ఉంటుంది. అంపైరు మైకులో స్కోరు చెబుతుంటే నేను పాపకు మళ్ళీ చెప్పాను. మొదటి సెట్ నాలుగు, ఆరు. పోయింది. రెండో సెట్‌లో జనం ఒక్కసారిగా లేచి అరిచినప్పుడు చెట్టు మీది కాకులు కూడా లేచాయి. ఏడు, అయిదు. మన సెట్! నేను పాపను గాల్లోకి ఎత్తాను. "టక్!" అంది పాప.

మూడో సెట్. పాప నా చేతుల్లో ఆగలేదు. కిందికి దిగి, చప్పుడు వచ్చే వైపు నడక సాగించింది. చిన్న పిల్లను ఒంటరిగా వదలలేను కాబట్టి వెంట నడిచాను. ఈ మాటను స్పష్టంగా రాస్తున్నాను: నేను ఎక్కడికీ చొరబడలేదు, పాప వెంట పోయాను. గ్యాలరీ మెట్ల కింది నుంచి, నీళ్ళ క్యాన్లు పెట్టిన సందులోంచి, ఒకదాని మీద ఒకటి పేర్చిన కుర్చీల పక్కనుంచి పాప నన్ను కోర్టు చివరికి తీసుకెళ్ళింది. అక్కడ ఇనుప జాలి. జాలికి కోర్టు వైపు ఆకుపచ్చ గుడ్డ, తెరలాగా. రెండు గుడ్డలు కలిసే చోట తాడుతో కుట్టారు. ఆ కుట్టు మధ్య నా కన్ను పట్టేంత సందు ఉంది. పాపకు కూడా కింద ఒకటి దొరికింది.

ఆమె కనిపించింది.

ఎన్నేళ్ళ తరువాత! ఫోన్‌లో కాదు, పేపర్‌లో కాదు. అయిదు, నాలుగు, మూడో సెట్. గేముల మొత్తం బేసి సంఖ్య కాగానే ఆడేవాళ్ళు వైపులు మారతారు. కాబట్టి ఆమె సరిగ్గా మా వైపుకే వచ్చింది. నాకు కనిపించింది ఆమె వీపు, చెమటతో అతుక్కున్న చొక్కా, మెడ మీద జారిన జడ. సర్వ్ ఆమెదే. ఈ గేమ్ గెలిస్తే టైటిల్.

మొదటి పాయింటు పోయింది. రెండోది వచ్చింది. నెట్‌కు తగిలి ఒకటి పోయింది. ఇంకొకటి వచ్చింది, మళ్ళీ ఒకటి పోయింది. ముప్పై, నలభై అన్నాడు అంపైరు. ఇది పోతే అయిదు, అయిదు. నా గుండె చప్పుడు పాపకు వినపడిందేమో, తలెత్తి నన్ను చూసింది. నాకే ఒక్క క్షణం భయం వేసింది. నిజాయితీగా రాయాలి కదా: వెనక్కి తిరుగుదామా అని కాలు కదిలింది. కదిలిన కాలును అక్కడే ఆపాను. కొలిమి ముందు నిలబడ్డవాడిని, తెర ముందు నిలబడలేనా?

ఆమె సర్వ్ చేసింది. సుదీర్ఘమైన ర్యాలీ. ఎడమకు, కుడికి, మళ్ళీ ఎడమకు. అవతలి అమ్మాయి బంతిని మెత్తగా నెట్ దగ్గర పడేసింది. మా పిల్ల పరుగెత్తింది! ఒక బిడ్డ తల్లి ఆ పరుగు పరుగెత్తింది! బంతి రెండోసారి నేలను తాకేలోగా రాకెట్ కొసతో లేపి అవతల పెట్టింది. డ్యూస్. గ్యాలరీ ఊగిపోయింది. ఆ తరువాతి సర్వ్ అవతలి అమ్మాయి ముట్టుకోలేకపోయింది. అడ్వాంటేజ్. మ్యాచ్ పాయింట్.

అప్పుడామె టవల్ కోసం వెనక్కి వచ్చింది. టవల్ వేలాడదీసింది ఈ చివర, నేనున్న తెరకే. ఆమె నా వైపుకు నడిచి వచ్చింది. ఆమెకు నేను కనిపించను, గుడ్డ అవతలి నుంచి పచ్చగా, మూసినట్టే ఉంటుంది. నాకు ఆమె పెదవి మీద చెమట చుక్క కూడా కనిపిస్తోంది. టవల్లో ముఖం పెట్టుకుంది. ఊపిరి చప్పుడు విన్నాను. తరువాత ఆ టవల్లోంచి ఒక మాట విన్నాను.

"తాతా, గాడనే ఉండు. ఒక్క పాయింటే. కదలకు."

నేను ఊపిరి బిగపట్టాను. తల్లి గొంతు విని పాప నోరు తెరిచింది. "అమ్మ" అనేలోగా జేబులోని బిస్కెట్ పాప నోట్లో పెట్టాను. ఆమె టవల్ వదిలి, అరచేత్తో తెరను రెండుసార్లు తట్టింది. గుడ్డ లోపలికి వచ్చి, జాలి కన్నాల్లోంచి నా నుదుటికి తగిలింది. ట్యాంకు గోడను తట్టినట్టే తట్టింది! "రేపొస్త" అనలేదు. ఆ రోజుకు రేపు లేదు కదా.

సర్వ్. తిరిగి వచ్చిన బంతి. ఆమె బ్యాక్‌హ్యాండ్, గీత వెంబడి, తిన్నగా, కత్తితో కోసినట్టు. అవతలి అమ్మాయి చూస్తూ నిలబడిపోయింది.

నేను అరిచాను. నా అరుపు ఎవరికీ వినపడలేదు, ఎందుకంటే అందరూ అరుస్తున్నారు. మనుమరాలు మోకాళ్ళ మీద పడింది, లేచింది, తల్లి ఉన్న వైపు పరుగెత్తింది. పాపను భుజాన వేసుకుని నేను వేపచెట్టు దగ్గరికి పరుగెత్తాను. ఈ వయసులో పరుగెత్తాను.

అందరూ బయటికి వచ్చారు. కోడలు నా చేతులు పట్టుకుని ఏడ్చింది. "మామయ్యా, మీరు బయటున్నరు, గందుకే గెలిచింది! మీ పుణ్యమే!"

"నేను లోపలే ఉన్న బిడ్డా. ఆఖరి గేమ్ మొత్తం చూసిన. తెర వెనక నిలవడ్డ."

కొడుకు పగలబడి నవ్వాడు. "తెర వెనకకు ఎవరు పోనిస్తరు బాపు? గేటు కాడ నీ టికెట్ కూడ లేకపాయె!"

"పాపను అడుగు!"

"టక్" అంది పాప, బిస్కెట్ నములుతూ.

భాయ్ నన్ను కౌగిలించుకున్నాడు. "సాబ్, మీ కుర్సీ మస్తు లక్కీ కుర్సీ! నేను కూసున్న, జీత్ గయీ!" ఆ విధంగా నా కుర్చీకి, భాయ్‌కి, వేపచెట్టుకు, అన్నింటికీ గెలుపులో వాటా దొరికింది. తెర వెనుక నిలబడ్డ నాకు దొరకలేదు.

మనుమరాలు కప్పుతో వచ్చింది. పాపను ఒక చేత్తో ఎత్తుకుని, రెండో చేత్తో నా మెడ చుట్టింది. చెవిలో అడిగింది: "తాతా, కదల్లేదు గదా?"

"కదల్లేదు" అన్నాను.

నిజమే చెప్పాను. ఎక్కడ కదల్లేదో చెప్పేలోగా పత్రికల వాళ్ళు ఆమెను చుట్టుముట్టారు. మరునాడు పేపర్లో ఆమె మాటలు వచ్చాయి: తాత బయట ఉంటే తనకు ధైర్యమని. ఆ సాయంత్రమే ఆమె, భర్త, పాప తరువాతి పోటీకి విమానం ఎక్కారు. ఫోన్ చేసినప్పుడల్లా చెప్పబోతాను. "సరే తాతా, నువ్వు లోపలే ఉన్నవ్" అని ముద్దుచేసి పెట్టేస్తుంది. పత్రికలో వచ్చిన దానికి పత్రికలోనే జవాబు ఉండాలని నేను ఇది రాస్తున్నాను.

ఇక్కడి నుంచి నేను నా మనుమరాలిని ఉద్దేశించి రాస్తున్నాను.

బిడ్డా, నేను ఉంటే నువ్వు గెలుస్తావని నేను అనడం లేదు. అలా అంటే నేనూ మీ అమ్మలాగే అవుతాను. గెలుపు నీ కాళ్ళది, నీ బ్యాక్‌హ్యాండ్‌ది, పాపను పడుకోబెట్టి మేడెక్కిన రోజులది. నేను చూస్తే నువ్వు ఓడిపోవు. నేను రుజువు చేసేది అంతవరకే. అంత గట్టి సమయంలో నువ్వు తలుచుకున్నది నన్నని తెలిసింది. ఇది చాలు, ఇక టికెట్ అడగకూడదు అని ఒక పూటంతా నాకు నేను చెప్పుకుని చూశాను. చాలదని తేలింది. నేను వేపచెట్టు నీడ కోసం నిన్ను ఆ గోడ దగ్గరికి తీసుకెళ్ళలేదు. నువ్వు ఆడుతుంటే చూడాలని తీసుకెళ్ళాను.

కాబట్టి ఈ క్రింది ప్రశ్నలకు లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వవలసిందిగా నిన్ను కోరుతున్నాను.

ఒకటి. మ్యాచ్ పాయింట్ ముందు, టవల్లో ముఖం దాచుకుని నువ్వు నాతో ఏమన్నావు? ఆ మాట ఏ కెమెరాకూ వినపడలేదు. ఆట చూపిన ఒకే ఒక్క కెమెరా అవతలి చివర, ఎత్తున ఉంది. అందులో నీ వీపు తప్ప మరేమీ కనిపించదు. ఆ మాట నేను పైన రాశాను. అది తప్పయితే తప్పని రాయి.

రెండు. ఆ తరువాత నువ్వు తెరను ఎన్నిసార్లు తట్టావు? ఎందుకు తట్టావు?

మూడు. పై రెండింటికీ నా జవాబే నీ జవాబు అయితే, ఆ క్షణాన నేను నీకు చేతికందే దూరంలో ఉండి చూస్తున్నానని, అయినా నువ్వు గెలిచావని ఒప్పుకుంటావా?

నాలుగు. ఒప్పుకుంటే, ఈ నగరంలో నువ్వు ఆడే తరువాతి పోటీలో మీ అమ్మ పక్కన నాకు కుర్చీ ఇప్పిస్తావా? అది మరెవరికీ బదిలీ చేయరాదు, భాయ్‌కి అసలే చేయరాదు.

జవాబు కాగితం మీద, నీ చేతిరాతతో, సంతకంతో ఉండాలి. మీ అమ్మ కూడా సాక్షి సంతకం చేయాలి. ఫోన్‌లో పంపే బొటనవేలి బొమ్మలను, ముద్దు బొమ్మలను నేను జవాబుగా స్వీకరించను. ఛత్రినాకలో బోనాలు మొదలయ్యేలోగా అది నాకు చేరాలి. గడువు దాటితే మౌనాన్ని అంగీకారంగా నమోదు చేసుకుని, ఇస్త్రీ చొక్కాతో, నా టికెట్టును ఎవరికీ చూపించకుండా, నేరుగా నా కుర్చీలోకి వచ్చి కూర్చుంటానని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.